పాలు పొంగనివ్వండి, మంట తగ్గించకండి

మా కోడలిది కుంభకోణం. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. మనకి పెద్ద పండగ నాడే వాళ్ళకి పొంగల్, తై నెల మొదటి రోజు. తను వచ్చిన మొదటి ఏడాది పొంగలి కుండలో పాల నురగ అంచు దాకా రాగానే అలవాటు కొద్దీ గబుక్కున నీళ్ళు చల్లేశాను. "అయ్యో అత్తయ్యా!" అంది, అంతే. పిల్ల ఆ రోజు సరిగ్గా అన్నం తినలేదు. మీ ఇంటికీ తమిళ కోడలు వస్తే ముందు మీ చెయ్యి కట్టేసుకోండి.

కొత్త కుండ తెస్తే రాత్రంతా నీళ్ళలో నానబెట్టాలి, లేదంటే మంట తగలగానే బీట తీస్తుంది. భయమైతే ఇత్తడి గిన్నె పెట్టుకోండి, వాళ్ళ వైపూ పెడతారు. మెడకి ఆకులతో సహా పచ్చి పసుపు మొక్క, అల్లం మొక్క కట్టాలి. వాకిట్లో ఎండ పడే చోట పొయ్యి, చుట్టూ బియ్యప్పిండి ముగ్గు, పక్కన ఆకులతో ఉన్న చెరకు గడలు. మనకి కొబ్బరి మట్టలకి కరువా? పాలు పొంగడానికి మట్టలు, తరవాత నిదానంగా ఉడకడానికి డొక్కలు.

పాలు, నీళ్ళు కలిపి కుండ మెడ దాకా పోయండి. వెలితిగా పోస్తే ఎంత మంట పెట్టినా ఒక పట్టాన పొంగదు. నురగ అంచు దాటి జారగానే అందరూ "పొంగలో పొంగల్!" అని అరవాలి. మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అరుస్తారు.

అప్పుడు నాలుగు గరిటెల పాలు తీసి పక్కన పెట్టి బియ్యం వెయ్యాలి. గ్లాసుడు బియ్యానికి పావు గ్లాసు పెసరపప్పు. సార్వా పంట కొత్త బియ్యం కదా, తొందరగా ముద్దయిపోతుంది, తీసిన పాలు చూసుకుంటూ కలపండి. మెతుకు వేళ్ళ మధ్య నలిగాకే బెల్లం. ముందే వేశారో, ఇక ఉడకదు. గ్లాసున్నర బెల్లం కరిగించి వడకట్టి పొయ్యండి. చివర్న నెయ్యి, యాలకులు, మా మోరి ఊరి జీడిపప్పు. పచ్చకర్పూరం ఆవగింజంతే, ఎక్కువైతే మందు తిన్నట్టుంటుంది.

సూర్యుడికి నైవేద్యం ఎనిమిదింటికల్లా అయిపోతే, మన పెద్దలకి బట్టలు పెట్టుకోవడానికి టెన్షన్ ఉండదు.

మర్నాడు, అంటే మన కనుమ నాడు, వాళ్ళకి కణు. "కనుమనాడు కాకైనా మునుగుతుంది" అంటాం మనం. వీళ్ళు తాము మునగకముందే ఆ కాకికి భోజనం పెడతారు. అన్నదమ్ములు చల్లగా ఉండాలని ఆడవాళ్ళు చేసేది ఇది. ముందు కుండకి కట్టిన పసుపు కొమ్ముతో పెద్ద ముత్తయిదువ ఆ ఆడవాళ్ళ నుదుటి మీద గీయాలి. మా ఇంట్లో అది నా పని. తరవాత కోడలు డాబా మీద పసుపు ఆకులు పరిచి పసుపన్నం, ఎర్రన్నం, పెరుగన్నం, నిన్నటి పొంగలి చిన్న చిన్న ముద్దలుగా పెడుతుంది. "కాకా పిడి వెచ్చేన్, కణు పిడి వెచ్చేన్" (కాకి ముద్ద పెట్టాను, కణు ముద్ద పెట్టాను) అని తను అంటుంటే మా కాకులు కొబ్బరి చెట్టు మీంచి అనుమానంగా చూస్తాయి. దిగేదాకా ఆగకండి, వెళ్ళి తలస్నానాలు కానివ్వండి. మా వైపు కనుమ తీర్థానికి పదకొండు ఊళ్ళ శివుడి ప్రభలూ జగ్గన్నతోట చేరేలోపు గారెలు వెయ్యాలి. మినప్పప్పు ముందు రాత్రే నానబోసుకోండి.