ఈనిన వీధికుక్కను తెచ్చాక: తల్లి సాకుడు నుంచి పిల్లల దత్తత దాకా

వానలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో నల్గొండ, పాలమూరు వైపు వీధికుక్కలు ఎక్కువగా ఈనుతాయి. మోరీ పైపులో, కట్టుబడి నడిచే ఇంటి ఇసుక కుప్ప వెనక, ఆగిన లారీ కింద పిల్లలు కనబడగానే చాలామంది వాటిని మాత్రమే ఎత్తుకొస్తారు. అన్ని కష్టాలూ అక్కడే మొదలవుతాయి. మూడు వారాల లోపు పిల్లకు తల్లి ఒంటి వేడి కావాలి, తల్లి పాలు కావాలి, కడుపు నాకి మలమూత్రాలు వచ్చేలా చేసే తల్లి నాలుక కావాలి. తల్లి లేకపోతే ఈ మూడు పనులూ మనిషి రాత్రింబవళ్లు చెయ్యాలి. కాబట్టి పిల్లలను సాకడమంటే ముందు తల్లిని సాకడమే. దాని కడుపు నిండి, భయం లేకుండా పడుకోగలిగితే మొదటి మూడు వారాలు పిల్లల పని సగానికి పైగా అదే చూసుకుంటుంది.

అసలు తేవాలా అన్నది మొదట తేల్చుకోవాలి. తల్లి దిట్టంగా ఉంది, చోటు పొడిగా ఉంది, ఆ గల్లీవాళ్లు ఏమీ అనడం లేదంటే అక్కడే ఒక గోనెపట్టా కప్పు కట్టి పూటపూటా తిండి పెట్టడం మేలు. తల్లికి దెబ్బలున్నా, పిల్లలు రోడ్డు అంచున ఉన్నా, మోరీలోకి నీళ్లొచ్చే ప్రమాదమున్నా, ఎవరైనా మందు పెడతామని బెదిరిస్తున్నా తేవాలి. తల్లి కనబడకపోతే దూరంగా నిలబడి రెండు మూడు గంటలు చూడండి. తిండికి చికెన్ సెంటర్ల దగ్గరికి పోయి ఉంటుంది, మనం పిల్లల పక్కనే ఉంటే రాదు. అయితే పిల్లలు చల్లబడినా, చీమలు పట్టినా ఇక ఆగొద్దు.

తెచ్చేటప్పుడు పిల్లలను టమాటాలు పోసే ప్లాస్టిక్ ట్రేలో పాత చీర పరిచి పెట్టి తల్లికి కనబడేలా, వాసన తగిలేలా ముందు నడవండి. చాలా తల్లులు వెంటే వస్తాయి. ఆటోలో ట్రేను ముందు లోపల పెట్టి తల్లిని తర్వాత ఎక్కించాలి. ఒక ట్రిప్పులో పిల్లలు, ఇంకో ట్రిప్పులో తల్లి అనుకుంటే తల్లి ఆ మధ్యలో తప్పించుకుంటుంది. కరిచే తల్లి అయితే కుక్కలు పట్టడం తెలిసిన మనిషిని పిలవండి. ఎవరికైనా పన్ను దిగినా, గీరినా 15 నిమిషాలు ధారగా నీళ్లు పోస్తూ సబ్బుతో కడిగి, అదేరోజు దవాఖానకు పోయి రేబిస్ టీకా మొదలుపెట్టాలి. కుక్కపిల్ల పన్నే కదా అని వదిలేయొద్దు.

పడక

మనుషుల రాకపోకలు లేని మూల కావాలి. మెట్ల కింది చోటు, వాడని బాత్రూము, గోడలున్న కొట్టం ఏదైనా సరే. ఇంట్లో వేరే కుక్కలుంటే 14 రోజులు వాటిని అటు రానివ్వొద్దు, ఒకే చీపురు, ఒకే గిన్నె వాడొద్దు. పదిహేను కిలోల తల్లికి నాలుగడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు సరిపోతుంది. వాకిలి వైపు అర అడుగు ఎత్తు పలక అడ్డం పెడితే తల్లి దాటుతుంది, పిల్లలు దాటలేవు. లోపల గోడ వెంట నాలుగు అంగుళాల ఎత్తున, గోడకు నాలుగు అంగుళాలు వదిలి ఒక పీవీసీ పైపు బిగించండి. తల్లి గోడకు ఆనుకుని పడుకున్నప్పుడు వెనక చిక్కుకున్న పిల్ల నలగకుండా ఆ సందులో బతుకుతుంది.

కింద పరచడానికి పాత బొంతలు, ఉతికిన చీరలు మంచివి. మిర్యాలగూడ వైపు రైసుమిల్లుల ఊక ఊరికే దొరుకుతుందని పోస్తుంటారు. ఆ నలుసు పిల్లల ముక్కుల్లోకి, అప్పుడే తెరుచుకునే కళ్లలోకి పోతుంది. వరిగడ్డి తడిసిందంటే బూజు పడుతుంది. గోనెసంచి పీచు గోళ్లకు, కాళ్లకు చుట్టుకుంటుంది.

మొదటి వారం పిల్లలున్న చోట 29 నుంచి 32 డిగ్రీల వేడి ఉండాలి, ఎందుకంటే సొంతంగా ఒంటిని వెచ్చగా ఉంచుకునే శక్తి వాటికి ఇంకా రాదు. చలికాలం రాత్రుల్లో పడకకు ఒక మూలన మాత్రమే, మూడడుగుల ఎత్తున 60 వాట్ల బల్బు వేలాడదీయండి. వైరు తల్లి నోటికి అందకూడదు. ఒకే మూల వెచ్చగా ఉంటే చలేసిన పిల్ల అటు పాకుతుంది, ఉక్కపోసింది ఇటు జరుగుతుంది. థర్మామీటరు లేకున్నా పిల్లలే చెబుతాయి: ఒకదానిమీద ఒకటి కుప్పగా పడి కుయ్‌కుయ్‌మంటే చలి, దూరదూరంగా చెల్లాచెదురుగా పడి రొప్పుతుంటే వేడి, పక్కపక్కనే ఆనుకుని అప్పుడప్పుడు నిద్రలో ఉలిక్కిపడుతుంటే బాగున్నట్టు. ఎండాకాలం ఈనితే లెక్క తిరగబడుతుంది. రేకుల షెడ్డులో మధ్యాహ్నం పిల్లలు బతకవు. స్లాబు ఉన్న గది, తడి గోనెపట్టాలు కట్టిన కిటికీ, దూరం నుంచి తగిలే కూలరు గాలి కావాలి.

తల్లి తిండి

ఎండిపోయి వచ్చిన కుక్కకు మొదటి రోజే గంజెడు అన్నం పెడితే వాంతులు, విరేచనాలు అవుతాయి. మొదటి రెండు మూడు రోజులు కొద్దికొద్దిగా ఐదారుసార్లు పెట్టండి, తర్వాత పెంచండి. పాలు తాగించే తల్లికి మామూలుగా తినేదానికి రెండు మూడింతలు కావాలి, మూడు నాలుగు వారాలప్పుడు ఆకలి అన్నిటికంటే ఎక్కువ ఉంటుంది. ఆరు పిల్లలున్న పదిహేను కిలోల తల్లికి ఆ రోజుల్లో సుమారుగా పావు కిలో బియ్యం అన్నం, అర కిలో ఉడికించిన బొక్కల్లేని చికెన్, రెండు గుడ్లు, గిన్నెడు పెరుగు నాలుగు పూటలుగా పడుతుంది. ఉత్త అన్నం, పాలు పోస్తే కడుపు ఉబ్బుతుంది కానీ పాలు పడవు. అన్నం, చికెన్‌లో కాల్షియం చాలా తక్కువ కాబట్టి వీలైనవాళ్లు రోజు తిండిలో సగం పప్పీ ఫుడ్ పెట్టాలి. తల్లికి కూడా పిల్లల తిండే, పొరపాటు కాదు. పాలిచ్చే తల్లికి అవసరమైన బలం అందులో ఉంటుంది. ఉల్లిగడ్డ, వెల్లుల్లి, మసాలా, ఉడికిన బొక్కలు వద్దు. నీళ్లు ఎప్పుడూ ఉండాలి, కానీ గిన్నె పడక బయట పెట్టాలి. రెండు వారాల పిల్ల రెండు అంగుళాల నీళ్లలో కూడా మునిగిపోతుంది.

తల్లి గురించి మూడు ప్రమాదాలు గుర్తుంచుకోవాలి. మొదటిది పాలజ్వరం. ఈనిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య ఎక్కువగా వస్తుంది. రక్తంలో కాల్షియం పడిపోవడం దీని కారణం. తల్లి నిలకడ లేకుండా తిరుగుతుంది, రొప్పుతుంది, కాళ్లు బిగుసుకుని కట్టె కాళ్లతో నడుస్తుంది, తర్వాత వణుకు, ఫిట్స్. ఇది గంటల్లో ప్రాణం తీస్తుంది. నోట్లో ఏమీ పోయకుండా, పిల్లలను వెంటనే విడదీసి డాక్టరు దగ్గరికి పోవాలి. నరానికి కాల్షియం నెమ్మదిగా ఎక్కించాలి. చూలుతో ఉన్నప్పుడు సొంతంగా కాల్షియం టానిక్ పోసేవాళ్లున్నారు. దానివల్ల ఒంట్లో కాల్షియాన్ని బయటికి తీసే పద్ధతి మందగించి ఈ జబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. రాత్రిపూట మన ఊళ్లలో పశువుల డాక్టరు దొరకడం కష్టం. కాబట్టి ఏ ఊళ్లో ఎవరు రాత్రి ఫోనెత్తుతారో, హైదరాబాదు దాకా పోవాల్సి వస్తే ఏ బండి వస్తుందో మొదటి రోజే రాసి గోడకు అంటించండి. రెండోది పొదుగు వాపు: చన్ను ఎర్రగా, వేడిగా, గట్టిగా అవుతుంది, పాలు పచ్చగా గానీ నెత్తురుతో గానీ వస్తాయి. పిల్లల గోళ్ల గీతలే చాలాసార్లు కారణం, అందుకే వారానికోసారి గోటి కొన మాత్రం కత్తిరించాలి. మూడోది గర్భసంచి చీము. ఈనిన తర్వాత కొన్ని వారాలు గోధుమ, ఎరుపు రంగు మైల పోవడం మామూలే. కంపు కొట్టి, తల్లి తిండి మానేసి, ఒళ్లు కాలితే మామూలు కాదు. మన ఇళ్లలో మనుషులకు వాడే నొప్పి గోలీలు ఏదీ ఇవ్వొద్దు.

పిల్లలు

వంటింటి డిజిటల్ తూకం ఒకటి కొనండి. రోజూ ఒకే వేళకు ప్రతి పిల్లనూ తూచి నోటుబుక్కులో రాయండి. దేశీ పిల్ల పుట్టినప్పుడు సుమారు 300 గ్రాములుంటుంది, ఎనిమిది పది రోజులకు రెట్టింపు కావాలి. ఒక రోజంతా బరువు పెరగని పిల్ల ఉంటే దాన్ని పాలు ఎక్కువగా ఉండే వెనక చన్నులకు పట్టించండి, బొద్దు పిల్లలను కాసేపు పక్కన పెట్టండి. బరువు తగ్గితే డాక్టరుకు చూపించాలి. గుర్తు కోసం మెడకు దారం కడితే పిల్ల పెరిగేకొద్దీ బిగుసుకుంటుంది. గోటికి గోళ్లరంగు వేస్తే చాలు.

తల్లి పాలు చాలకపోతే కుక్కపిల్లల కోసం అమ్మే పాలపొడి తేవాలి. బర్రెపాలు, ఆవుపాలు కుక్కపాలకు సరికావు, పారుడు పట్టిస్తాయి. పిల్ల బోర్లా, తల తల్లి దగ్గర తాగినట్టే కొద్దిగా ఎత్తి ఉండాలి. మనిషి బిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. చల్లబడిన పిల్లకు అసలే పాలు పోయొద్దు, పేగులు పని చెయ్యవు. బట్ట చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టి, లేదా ఒంటికి ఆనించుకుని ముందు నెమ్మదిగా వెచ్చబరచండి. నోట్లో వేలు పెడితే వెచ్చగా తగిలి, వేలిని చప్పరించిన తర్వాత పాలు.

కళ్లు 10–14 రోజులకు తెరుచుకుంటాయి, వేళ్లతో విప్పొద్దు. నట్టల మందు రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది వారాలకు ఇవ్వాలి, తల్లికీ ఇవ్వాలి. నట్టలు కడుపులో ఉన్నప్పుడే, పాలలో కూడా తల్లి నుంచి వస్తాయి కాబట్టి ఇంట్లో శుభ్రంగా పెరిగిన పిల్లకూ తప్పవు. చాలా పప్పీ సిరప్‌లలో కిలోకు ఒక మిల్లీలీటరు. 800 గ్రాముల పిల్లకు 0.8. సీసా మీద చదివి, డాక్టరును అడిగి సిరంజితో కొలవండి, చెంచాలతో కాదు. చిగుళ్లు పాలిపోయి తెల్లగా ఉంటే కొంకి పురుగులో, పేలో, గోమార్లో నెత్తురు పీల్చేస్తున్నట్టు. గోమార్లను దువ్వెనతో, చిమటాతో తీయండి. కిరోసిన్, వేపనూనె, పశువులకు కొట్టే మందు పిల్లల ఒంటికి పూయొద్దు.

మూడున్నర నాలుగు వారాలకు నానబెట్టి మెదిపిన పప్పీ ఫుడ్, మెత్తటి అన్నంలో గుడ్డు, చికెన్ కలిపి తలెలో పెట్టండి. తొక్కుతాయి, పొర్లుతాయి, తర్వాత తల్లి వచ్చి అందరినీ నాకి శుభ్రం చేస్తుంది. అప్పటినుంచే కుక్కర్ విజిల్, మిక్సీ, బండి చప్పుడు, డప్పు, గొంగడి కప్పుకున్న తాత, బురఖా వేసుకున్న అమ్మ, కట్టె పట్టుకున్న మనిషి, పిల్లల అరుపులు అలవాటు చెయ్యండి. ఎనిమిది వారాల దాకా తల్లి, తోబుట్టువుల దగ్గరే ఉండాలి. గట్టిగా కొరికితే ఎదుటిది కుయ్యిమని ఆట మానేస్తుంది. పంటి బలం ఎంత వాడాలో అలాగే నేర్చుకుంటాయి. నాలుగు వారాలకే ఇచ్చేసిన పిల్ల తర్వాత ఇంట్లో పిల్లల చేతులు కొరుకుతుంది, దాన్ని మళ్లీ రోడ్డు మీద వదిలేస్తారు.

పార్వో అనే పేగుల వైరస్ జబ్బు గురించి భయం ఉండాలి. వాంతులు, నెత్తురు కలిసిన కంపు పారుడు, నీరసం కనబడిన గంటలోపే ఆ పిల్లను వేరు చేసి సెలైన్ పెట్టించాలి. ఆ క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, ఫినాయిల్‌తో చావదు. ముందు మలం తీసి కడిగి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి పోసి పది నిమిషాలు ఉంచాలి. మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి 16 వారాలు వచ్చేదాకా; రేబిస్ టీకా మూడు నెలలకు.

ఇళ్లు వెతకడం

ఐదో వారం నుంచి వెతకండి. ఫోటో పగటి వెలుతురులో, పిల్ల కంటి ఎత్తు నుంచి, రంగు బట్ట ముందు తీయండి. ఆడో మగో, పెద్దయితే 15–20 కిలోలు అవుతుందని, ఏ టీకా ఏ తేదీన పడిందో రాయండి. ఆడపిల్లలను ఎవరూ అడగరు, "పిల్లలు పెడుతుంది" అంటారు. ఆరు నెలలు దాటాక పిల్లలు పుట్టకుండా ఆపరేషను మేమే చేయిస్తామని ముందే చెప్పండి, సగం మంది అక్కడే ఒప్పుకుంటారు. అడిగిన మొదటి మనిషికే ఇచ్చేయడం వల్ల చాలా పిల్లలు తిరిగి వీధిన పడతాయి. కిరాయి ఇల్లయితే ఓనరుతో మాట్లాడండి. దసరాకు, సంక్రాంతికి ఊరికి పోతే ఎవరు చూస్తారో, పగలు ఎవరుంటారో, గొలుసుతో ఎన్ని గంటలు కడతారో అడగండి. ఒకసారి ఇంటికి పోయి గేటు సందులు చూడండి.

బాయికాడికి కావాలని చాలామంది అడుగుతారు. ఆ రైతు రాత్రి అక్కడే పడుకుంటాడా? బాయికి గోడ ఉందా? అడవిపందుల కోసం కరెంటు తీగ పెడుతున్నారా? పత్తి చేనుకు కొట్టిన మందు డబ్బాలు గట్టున పడి ఉన్నాయా? అచ్చంపేట, అమ్రాబాద్ నల్లమల అంచున చిరుతలు కుక్కలను ఎత్తుకుపోతాయి. రాత్రి బయట కట్టేసే మనిషికి అక్కడ ఇవ్వకండి.

ఇచ్చేటప్పుడు ఒక కాగితం రాయించుకోండి: పేరు, చిరునామా, ఫోను, టీకా తేదీలు, ఆపరేషను మాట, సాకలేకపోతే రోడ్డు మీద వదలకుండా మీకే తిరిగి ఇస్తామన్న సంతకం. మూడు రోజుల తిండి, టీకా కార్డు, తల్లి పడుకున్న బట్ట ముక్క వెంట పంపండి. తొలి రాత్రి పిల్ల ఏడుస్తుందని ముందే చెప్పండి. మొదటి రోజు, మూడో రోజు, వారానికి ఫోన్ చెయ్యండి.

పిల్లలన్నిటినీ ఒకే రోజు పంపొద్దు. పాలు నిండి తల్లి పొదుగు గడ్డకడుతుంది. రెండు మూడు రోజుల తేడాతో ఒక్కొక్కటిగా పంపుతూ తల్లి తిండి కొంచెం కొంచెంగా మామూలుకు తెండి, చన్నులు పిండొద్దు. పిండితే పాలు ఇంకా ఊరతాయి.

తల్లి

పాలు పూర్తిగా ఎండిన రెండు వారాల తర్వాత ఆపరేషను చేయించండి. పొదుగు నిండుగా ఉన్నప్పుడు కోత కష్టం, మానడం ఆలస్యం. చేయించకుండా వదిలితే తర్వాతి ఎదకు మళ్లీ ఇదే మోరీ, ఇదే ట్రే. రేబిస్ టీకా కూడా అప్పుడే వేయించి, కుట్లు మానేదాకా పదిరోజులు ఇంట్లోనే ఉంచండి. ముందు తల్లికి కూడా ఇల్లు వెతకండి. పెద్ద కుక్క తొందరగా అలవాటు పడుతుంది, ఒకటికి ఇంట్లో కాక బయటికి పోవడం కూడా కొన్నిటికి రెండు వారాల్లోనే వస్తుంది. ఇల్లు దొరకకపోతే, 2023 జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం ఆపరేషనైన కుక్కను దాని పాత చోటుకే చేర్చాలి. బడి, దవాఖాన, బస్టాండు ఆవరణ నుంచి తెచ్చినదైతే మాత్రం అక్కడికే వదలడం కుదరదు. 2025 నవంబరులో సుప్రీంకోర్టు అటువంటి చోట్ల కుక్కలను తిరిగి వదలొద్దని చెప్పింది. వదిలేది పొద్దుగాల, తిండి పెట్టాక, అక్కడ రోజూ అన్నం వేసే మనిషి ఎదురుగా. ఆ మనిషికి ఆపరేషనైందని తెలిసేలా చెవికి పెట్టిన కోత గుర్తు చూపించి టీకా కాగితం కాపీ ఇవ్వండి. మూడు రోజులు అదే వేళకు పోయి కుట్లు చూసి రండి.