పీజీకి చిన్న యూనివర్సిటీలో చేరాలా? వెబ్ ఆప్షన్లు పెట్టేముందు ఇలా చూసుకోండి

ఎంట్రెన్స్ ర్యాంకు వచ్చి వెబ్ ఆప్షన్లు తెరవగానే చాలామంది చూపు ఉస్మానియా, కాకతీయ, ఆంధ్రా, ఎస్వీ దగ్గరే ఆగిపోతుంది. అక్కడ రాదని తేలితే ఇంట్లో వినిపించేది ఒకటే, ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో చేరిపో లేదా హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకో అని. డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ, నల్గొండలో మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు, కరీంనగర్‌లో శాతవాహన, కడపలో యోగి వేమన, రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ, మచిలీపట్నంలో కృష్ణా, నెల్లూరులో విక్రమ సింహపురి, ఎచ్చెర్లలో అంబేద్కర్, కర్నూలులో రాయలసీమ... ఇవన్నీ ప్రభుత్వ యూనివర్సిటీలే, 2006-08 మధ్య వచ్చినవే, అయినా "అది చిన్నది కదా" అని పక్కన పెట్టేస్తారు. నిజానికి వీటిలో చాలాచోట్ల యూనివర్సిటీ రాకముందే పీజీ సెంటర్ ఉండేది. నల్గొండ, మహబూబ్‌నగర్ సెంటర్లు ఉస్మానియావి, కడపది ఎస్వీది, ఎచ్చెర్లది ఆంధ్రాది. అంటే కొన్ని డిపార్ట్‌మెంట్లు ఆ యూనివర్సిటీ కంటే పాతవి. అలాగని అన్నీ బాగుంటాయని కాదు, ఒకే క్యాంపస్‌లో ఒక డిపార్ట్‌మెంట్ చక్కగా నడుస్తూ పక్కది ఖాళీ కుర్చీలతో ఉండొచ్చు. అందుకే మీ సబ్జెక్టు డిపార్ట్‌మెంట్‌ని విడిగా చూడాలి.

1. ఆ సీటు ఎక్కడిదో చూడండి

పీజీ ప్రవేశ పరీక్ష తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ పీజీసెట్, రెండింటిలోనూ ఒకే ర్యాంకుతో రాష్ట్రంలోని చాలా యూనివర్సిటీలకు ఆప్షన్లు పెట్టుకోవచ్చు. లిస్టులో ఒక యూనివర్సిటీ కింద క్యాంపస్ కాలేజీలు, దానికి అనుబంధంగా ఉన్న ప్రైవేటు కాలేజీలు అన్నీ కలిసి కనిపిస్తాయి. యూనివర్సిటీ పేరు చూసి నొక్కేస్తే తీరా ఏదో పట్టణంలో రెండు గదుల పీజీ కాలేజీలో సీటు రావచ్చు. కాలేజీ పూర్తి పేరు, ఊరు చదవండి. క్యాంపస్‌లో కూడా సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా (కోర్సు ఖర్చు విద్యార్థుల ఫీజుతోనే నడిచేది) చూసుకోవాలి, ఫీజులో తేడా బాగా ఉంటుంది.

2. పాఠం చెప్పేదెవరో తెలుసుకోండి

అన్నిటికంటే ముఖ్యం ఇదే, దీనికి ఒక సాయంత్రం కేటాయించినా తక్కువే. రాష్ట్ర యూనివర్సిటీల్లో అధ్యాపక పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న సంగతి అందరికీ తెలుసు, ఆ దెబ్బ ముందు పడేది చిన్నవాటి మీదే. యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో డిపార్ట్‌మెంట్ పేజీ తెరిచి రెగ్యులర్ వాళ్లెందరు, కాంట్రాక్టు, గెస్ట్ ఎందరు అని లెక్కపెట్టండి. కాంట్రాక్టు అంటే తక్కువ అనుకోవద్దు, చాలా డిపార్ట్‌మెంట్లను నిలబెడుతున్నది వాళ్లే, మంచి టీచర్లు వాళ్లలో ఎందరో ఉన్నారు. కానీ పీహెచ్‌డీ చేయాలన్న ఆలోచన మీకుంటే లెక్క మారుతుంది. యూనివర్సిటీలకు నియమాలు పెట్టే యూజీసీ నిబంధనల ప్రకారం రెగ్యులర్ అధ్యాపకులే గైడ్లుగా ఉండాలి, అదీ ఒక ప్రొఫెసర్‌కు ఎనిమిది మంది, అసోసియేట్‌కు ఆరుగురు, అసిస్టెంట్‌కు నలుగురు స్కాలర్లకు మించకుండా.

తర్వాత శోధ్‌గంగ వెబ్‌సైట్‌కి వెళ్లండి. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు అక్కడ ఉచితంగా చదవొచ్చు. మీ డిపార్ట్‌మెంట్ నుంచి ఈమధ్య వచ్చిన రెండు థీసిస్‌లు తిరగేస్తే అక్కడ ఏం పని జరుగుతోందో ఏ ర్యాంకింగ్ కంటే బాగా తెలుస్తుంది.

3. నాక్ గ్రేడ్

చూడండి, కానీ దానితోనే తేల్చేయకండి. నాక్ అంటే కాలేజీలు, యూనివర్సిటీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ, అది ఇచ్చే గ్రేడ్ మొత్తం సంస్థకు, మీ ఫిజిక్స్ ల్యాబ్‌కో తెలుగు శాఖకో కాదు. గ్రేడ్ గడువు దాటిందా లేదా కూడా చూసుకోండి.

4. ఒకసారి వెళ్లి రండి

బస్సెక్కి వెళ్లండి, పనిదినం రోజే. ఆఫీసులో కంటే క్యాంటీన్ దగ్గర, హాస్టల్ దగ్గర సీనియర్లను అడిగితే అసలు విషయాలు తెలుస్తాయి. వారంలో నిజంగా ఎన్ని క్లాసులు జరుగుతున్నాయి, ల్యాబ్‌లో కెమికల్స్ ఉన్నాయా, ప్రాక్టికల్స్ చేయిస్తున్నారా రికార్డు రాయిస్తున్నారా, లైబ్రరీ రాత్రి ఎన్నింటి దాకా తెరిచి ఉంటుంది, సెమిస్టర్ రిజల్ట్స్ ఎన్ని నెలలకు వస్తున్నాయి, గతేడాది నెట్, సెట్ (లెక్చరర్ అర్హత పరీక్షలు) ఎవరైనా కొట్టారా అని అడగండి. రిజల్ట్స్ సంగతి తేలిగ్గా తీసుకోవద్దు, మెమో ఆలస్యమైతే ఉద్యోగ నోటిఫికేషన్లు చేజారిపోతాయి. అమ్మాయిలైతే హాస్టల్‌లో సీటు గ్యారంటీనా, చీకటిపడ్డాక గేటు నుంచి హాస్టల్ దాకా దారి ఎలా ఉంటుంది అన్నవి తప్పకుండా చూడాలి, ఎందుకంటే ఈ క్యాంపస్‌లు చాలావరకు ఊరికి దూరంగా ఉంటాయి.

వెళ్లడం కుదరకపోతే, లేదా అడిగినా సమాధానం రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు ఉంది. పది రూపాయల ఫీజుతో మంజూరైన పోస్టులు, భర్తీ అయినవి, హాస్టల్ సీట్లు అడగొచ్చు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి డిగ్రీ ఆఖరి సెమిస్టర్‌లోనే వేసేయండి.

5. రెండేళ్ల ఖర్చు కాగితం మీద రాయండి

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ కోర్సుకు, ఆ కాలేజీకి వర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. తర్వాత గది అద్దె, మెస్ బిల్లు, రాకపోకలు. నాగర్‌కర్నూల్ అమ్మాయి పాలమూరు యూనివర్సిటీలో చదవడానికీ హైదరాబాద్‌లో ప్రైవేటు హాస్టల్‌లో ఉండి చదవడానికీ మధ్య మిగిలే డబ్బు ఆ ఇంటికి చాలా పెద్దది. అక్కడ డిపార్ట్‌మెంట్ బాగుంటే దగ్గరి యూనివర్సిటీలో చేరడం రాజీపడటం కానే కాదు. నెట్, గేట్ రాసేటప్పుడు పేపర్ అందరికీ ఒకటే.

పెద్దచోట దొరకని కోర్సు చిన్నచోట దొరకడమూ ఉంది. కుప్పంలో ద్రవిడ విశ్వవిద్యాలయం 1997లో పుట్టిందే దక్షిణాది భాషలను కలిపి చదవడానికి. తెలంగాణ యూనివర్సిటీలో అప్లైడ్ ఎకనామిక్స్ ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సు ఉంది, అది ఇంటర్ తర్వాతే చేరేది, కాబట్టి ఇంట్లో తమ్ముడో చెల్లో ఉంటే చెప్పండి.

మరి ఎప్పుడు వద్దు? డిపార్ట్‌మెంట్‌లో ఒక్క రెగ్యులర్ అధ్యాపకుడూ లేక, సైన్స్ కోర్సుకు ల్యాబ్ నడవక, సీనియర్లే "వద్దు" అంటుంటే, ఎంత దగ్గరైనా వదిలేయండి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల మీదే ఆశ పెట్టుకున్న ఎంసీఏ, ఎంబీఏ వాళ్లు కూడా గత రెండేళ్లలో ఏ కంపెనీలు వచ్చాయో పేర్లతో సహా అడిగాకే నిర్ణయించుకోండి.

6. ఆప్షన్లు మీకు నచ్చిన వరుసలోనే పెట్టండి

"నా ర్యాంకుకు వస్తుందా" అని లెక్కలేసి వరుస మార్చొద్దు. సీటు ఇచ్చేటప్పుడు మీ లిస్టును పైనుంచి కిందికి చూస్తారు, పైన పెద్ద యూనివర్సిటీ పెట్టినంత మాత్రాన కిందున్న చిన్నదాంట్లో మీ అవకాశం తగ్గదు. చేరడం ఇష్టంలేని కాలేజీని మాత్రం ఆఖర్లో కూడా పెట్టకండి. ఆప్షన్లు ఫ్రీజ్ చేశాక ప్రింట్ తీసి పెట్టుకోండి, సీటు వచ్చాక ఫీజు కట్టి గడువులోగా రిపోర్ట్ చేయండి, లేదంటే సీటు రద్దవుతుంది. టీసీ, డిగ్రీ మెమోలు, కులం, ఆదాయ సర్టిఫికెట్లు ఆలోపే సిద్ధంగా ఉంచుకోండి, మీసేవలో ఆదాయ సర్టిఫికెట్ రావడానికి రోజులు పడుతుంది.