వరంగల్ ఎండల్లో పండ్లూ పూల పర్‌ఫ్యూమ్: సమస్య – పరిష్కారం

పీచ్, పియర్, లిచీ, దానిమ్మ వంటి పండ్ల వాసనను గులాబి, మల్లె, పియోనీ వంటి పూల వాసనతో జోడించి, ఎండాకాలంలో పగటిపూట వాడుకునేందుకు తేలికగా తయారుచేసే పర్‌ఫ్యూమ్‌లకు మన దగ్గర కూడా ఆదరణ ఉంది. 2006లో వచ్చిన వెర్సాచే బ్రైట్ క్రిస్టల్, 2007లో వచ్చిన మార్క్ జేకబ్స్ డైసీ ఈ కోవలో బాగా తెలిసిన పేర్లు. వీటి మీద వినిపించే ఫిర్యాదుల్లో చాలావాటికి సీసాలోని సరుకు కారణం కాదు. ఏప్రిల్, మే నెలల్లో వరంగల్‌లో 40 డిగ్రీలు దాటి, రామగుండంలో ఇంకా పైకి పోయే ఎండ ఒక కారణమైతే, సెంటు పడకముందే ఒంటి మీదా బట్టల మీదా ఉన్న వేరే వాసనలు రెండో కారణం. కాబట్టి సీసా మార్చాలనుకునే ముందు, ఇబ్బంది ఏ వేళకు మొదలవుతున్నదో గమనించాలి. కొట్టుకున్న వెంటనేనా, అరగంటకా, మధ్యాహ్నానికా, నెలలు గడిచాకనా అన్నది తేలితే కారణం సగం దొరికినట్టే.

సమస్య: దుకాణంలో నచ్చిన వాసన ఇంటి దగ్గర రావడం లేదు

దుకాణంలో మీరు చూసింది ఏసీ చల్లదనంలో, కాగితపు పట్టీ మీద. కాగితానికి ఒంటి వేడి ఉండదు, చెమట ఉండదు. పైగా మన ఇళ్లలో స్నానం కాగానే మెడకూ వీపుకూ పౌడరు అద్దుకోవడం, తలకు వాసన నూనె రాసుకోవడం, బీరువాలో కలరా ఉండల మధ్య మడిచిపెట్టిన బట్టలు తీసి కట్టుకోవడం మామూలే. ఈ మూడింటికీ సొంత వాసన ఉంది. పౌడరు సెంటును పీల్చుకోవడమే కాక తన వాసననూ దానికి కలుపుతుంది. కలరా ఉండల ఘాటు ముందు పియర్, యాపిల్ వంటి సున్నితమైన వాసన అసలు తెలియదు.

సెంటు కొట్టుకునే చోట పౌడరు వేయకండి. కట్టుకోబోయే బట్టలను ముందురోజు రాత్రే బయటికి తీసి గాలికి ఆరవేయండి. బీరువాలో కలరా ఉండలకు బదులు ఎండిన వేపాకు పెట్టుకుంటే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. కొనేటప్పుడు మాత్రం మణికట్టు మీద కొట్టించుకుని, దుకాణం బయటికి వచ్చి, అరగంట తిరిగిన తర్వాతే నిర్ణయించుకోవాలి. కాగితం మీద వాసన చూసి అక్కడికక్కడే డబ్బు కట్టడం ఎండాకాలంలో సరైన పద్ధతి కాదు.

సమస్య: అరగంటకే వాసన పోతున్నది

అన్నిటికంటే ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ఇదే, దీనికి కారణాలూ ఎక్కువే. నిమ్మజాతి వాసననిచ్చే లిమొనీన్, పియర్ వాసననిచ్చే హెక్సైల్ అసిటేట్ వంటివి తేలికైన అణువులు. ముందుగా ముక్కుకు తగిలేవీ, ముందుగా ఎగిరిపోయేవీ అవే. ఎండ పెరిగినకొద్దీ ఆ వేగం పెరుగుతుంది. పీచ్ వాసననిచ్చే లాక్టోన్లు, రాస్ప్‌బెర్రీ కీటోన్ అంతకన్నా బరువైనవి, నెమ్మదిగా విడుదలవుతాయి. గెర్లాన్ సంస్థ 1919లో తెచ్చిన మిట్సుకోలో పీచ్ వాసన కోసం వాడినది అటువంటి లాక్టోనే. కాబట్టి ఎక్కువసేపు నిలవాలని కోరుకునేవారు యాపిల్, పియర్ ప్రధానంగా ఉన్నవాటికన్నా పీచ్ లేదా రాస్ప్‌బెర్రీ ప్రధానంగా ఉన్నవాటిని ఎంచుకోవడం మంచిది.

రెండో కారణం పొడి చర్మం. మన వడగాడ్పులకు ఆరిపోయిన చర్మం మీద సెంటు పట్టి ఉండదు. స్నానం చేసి ఒళ్లు తుడుచుకోగానే, తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ గానీ, కొద్దిగా వాసలీన్ గానీ రాసుకుని, దాని మీద కొట్టుకుంటే తేడా స్పష్టంగా తెలుస్తుంది. కొట్టుకున్నాక మణికట్లు రెండూ రుద్దుకునే అలవాటు మానుకోవాలి. ఆ రాపిడి వేడికి పైపై పండ్ల వాసన ఇంకా తొందరగా ఎగిరిపోతుంది.

మూడో కారణం మన ముక్కే. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే ముక్కు దానికి అలవాటు పడి పట్టించుకోవడం మానేస్తుంది. వాసన నిజంగా పోయిందో, మీకే తెలియడం లేదో తేల్చుకోవడానికి ఇంట్లో మరొకరిని అడగడం కన్నా సులువైన పరీక్ష లేదు. చాలాసార్లు, తనకు తెలియడం లేదని మళ్లీ మళ్లీ కొట్టుకునేవారి సెంటు పక్కవారికి అప్పటికే మితిమీరి తగులుతుంటుంది.

సీసా మీద ఈడీటీ (ఓ డి ట్వాలెట్) అని ఉండే పలుచని రకంలో సువాసన ద్రవ్యాల పాలు సాధారణంగా 5 నుంచి 15 శాతం వరకు, ఈడీపీ (ఓ డి పర్ఫ్యూమ్) అనే చిక్కని రకంలో 15 నుంచి 20 శాతం వరకు ఉంటుంది. అలాగని మండుటెండలో పగటిపూటకు ఈడీపీయే కొనాలని నేను చెప్పను. ఈడీటీని చర్మం మీద ఒకసారి, నూలు చున్నీ అంచు మీద ఒకసారి కొట్టుకుని, కొంత చిన్న స్ప్రే సీసాలో పోసి సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నం భోజనం తర్వాత మరొకసారి కొట్టుకోవడమే మన ఎండలకు సరిపోయే పద్ధతి. నూలు బట్టకు ఒంటి వేడి నేరుగా తగలదు కాబట్టి వాసన దాని మీద చర్మం మీదకంటే ఎక్కువసేపు ఉంటుంది.

సమస్య: స్కూటీ మీద వెళ్లేటప్పుడు తలనొప్పి, వికారం

కాజీపేట నుంచి నయీంనగర్‌కు ఉదయం తొమ్మిదింటికి స్కూటీ మీద బయలుదేరే అమ్మాయిని ఒకసారి గమనించండి. గొంతు దగ్గర రెండుసార్లు కొట్టుకుని, వెంటనే ఎండకూ దుమ్ముకూ స్కార్ఫ్‌తో ముఖమంతా చుట్టుకుని, దాని మీద హెల్మెట్ పెట్టుకుంటుంది. మెడ మీది సెంటు బయటికి పోయే దారి లేక ముక్కు చుట్టూనే నిండిపోతుంది. సిగ్నల్ దగ్గర ఆగేసరికి తల దిమ్మెక్కుతుంది. ఇది సెంటు ఘాటు వల్ల వచ్చినది కాదు, కొట్టుకున్న చోటు వల్ల వచ్చినది. మెడకూ ఛాతీకీ కాకుండా మోచేతి మడతల్లోనో, మోకాళ్ల వెనకనో, కుర్తా కింది అంచుకో కొట్టుకోవాలి. లేదా గమ్యం చేరి స్కార్ఫ్ విప్పిన తర్వాతే కొట్టుకోవాలి. కిక్కిరిసిన బస్సులో ప్రయాణించేవారు కూడా ఇదే పాటిస్తే పక్కవారికి ఉపకారం చేసినవారవుతారు. మైగ్రేన్ ఉన్నవారికి ఈ మార్పులు కూడా చాలకపోతే ఆ సెంటు మానేయడమే సరి.

సమస్య: మధ్యాహ్నానికి తియ్యటి వాసన పులిసినట్టు మారుతున్నది

చెమటకు తనంతట తానుగా పెద్ద వాసన ఉండదు. చంకల్లోని బాక్టీరియా దానిని విడగొట్టినప్పుడే వాసన పుడుతుంది. దాని మీద పండ్ల తీపి చేరితే రెండూ కలిసి ముగ్గిపోయిన పండు వాసనలా తోస్తుంది. చంకల్లో సెంటు కొట్టుకోకూడదు. అక్కడ వాసన లేని డియోడరెంట్ వాడి, మధ్యాహ్నం మళ్లీ కొట్టుకునే ముందు తడి రుమాలుతో చెమట తుడుచుకుని, ఆరనిచ్చి, అప్పుడు కొట్టుకోవాలి. తొలకరి తర్వాత గాలిలో తేమ పెరిగి చెమట ఆరని రోజుల్లో తీపి తక్కువగా, నిమ్మజాతి వాసన ఎక్కువగా ఉన్నవి నయం.

సమస్య: మల్లెపూలు పెట్టుకున్న రోజు వాసన చెడుతున్నది

మల్లెజాతి పూల పరిమళంలో బెంజైల్ అసిటేట్ అనే పదార్థం ప్రధానమైనది, దానికి కొంత పండ్ల వాసన కూడా ఉంటుంది. దానితోపాటే ఇండోల్ అనే ఘాటైన పదార్థం కూడా ఉంటుంది. సెంటులోని మల్లెకు సాధారణంగా ఆ ఘాటు తగ్గించి ఉంటారు కాబట్టి, జడలోని అసలు పూల పక్కన అది వెలవెలబోతుంది. మూర నిండా మల్లెలు తురుముకున్న సాయంత్రం సెంటు అవసరమే లేదని నా నమ్మకం. తప్పనిసరి అనుకుంటే మల్లె లేని, పీచ్ లేదా లిచీ ప్రధానంగా ఉన్నదాన్ని చీర కుచ్చిళ్ల దగ్గర నూలు లోపావడా మీద ఒక్కసారి కొట్టుకుంటే పూలకు అడ్డు రాదు.

సమస్య: దద్దురు, నల్లమచ్చ, బట్టల మీద మరక

లిమొనీన్, పూల వాసననిచ్చే లినలూల్ గాలి తగిలి ఆక్సీకరణ చెందినప్పుడు ఏర్పడే పదార్థాలు కొందరికి అలర్జీ కలిగిస్తాయి. అందుకే మూత సరిగా పెట్టని పాత సీసా కొత్తదానికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. బెర్గామాట్ అనే నిమ్మజాతి పండు నూనెలోని బెర్గాప్టెన్ అనే పదార్థం చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కందిపోయి నల్లమచ్చలు పడతాయి. పేరున్న సంస్థలు ఇప్పుడు దానిని తొలగించిన నూనెనే వాడుతున్నా, ఎండ పడే మెడ మీద పగటిపూట కొట్టుకోకపోవడం క్షేమం. కొత్త సెంటును ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి. దురద వస్తే కడిగేసి, తగ్గకపోతే చర్మ వైద్యులకు చూపించాలి. పట్టుచీర మీదా, ముత్యాల మీదా నేరుగా ఎప్పుడూ కొట్టకూడదు.

సమస్య: ఆరుబయట తేనెటీగలు వెంటపడుతున్నాయి

అరటిపండు వాసననిచ్చే ఐసోఅమైల్ అసిటేట్, తేనెటీగలు ప్రమాదం ఎదురైనప్పుడు ఒకదానికొకటి హెచ్చరికగా విడుదల చేసే ద్రవ్యంలో ముఖ్య పదార్థం. పాకాల చెరువు వైపు, లక్నవరం వైపు విహారానికి వెళ్లేటప్పుడూ, తేనెతుట్టెలున్న చెట్ల కింద కూర్చోవలసి వచ్చినప్పుడూ ఇటువంటి సెంటు అసలు వద్దు.

సమస్య: సీసాలో రంగు మారింది, వాసన తేడాగా ఉంది

రంగు ఒక్కటే మారితే కంగారు పడనక్కరలేదు. వెనిల్లా వాసననిచ్చే వెనిలిన్ ఉన్న సెంట్లు కాలక్రమంలో గోధుమరంగుకు తిరగడం సహజం. పైపై పండ్ల వాసన పోయి, వార్నిష్ వంటి వాసన వస్తుంటే మాత్రం అది వేడికీ వెలుతురుకూ చెడిందని అర్థం. కిటికీ పక్కనున్న అద్దాల బల్ల, పడమటి ఎండకు కాలే గోడను ఆనుకున్న అల్మరా, స్కూటీ డిక్కీ, ఇవన్నీ సెంటుకు పనికిరాని చోట్లు. సీసాను దాని అట్టపెట్టెలోనే ఉంచి బీరువా కింది అరలో, కలరా ఉండలకు దూరంగా పెట్టాలి. చెడినదాన్ని చర్మానికి వాడకండి. పారబోయవలసి వస్తే అందులో ఎక్కువ పాలు ఆల్కహాల్ కాబట్టి పొయ్యికీ దీపానికీ దూరంగా, గాలి ఆడే చోట పారబోయండి.