ఆఫ్‌రోడ్ బండి కొనడం – 4వ పాఠం: ఏ వేరియంట్ తీసుకోవాలి?

ముందుగా గత పాఠంలోని అభ్యాసానికి జవాబు: పెద్ద టైరు వేస్తే బండి కింద ఖాళీ ఎంత పెరుగుతుందన్నది ప్రశ్న. టైరు వ్యాసం 50 మి.మీ. పెంచితే యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) కింద ఖాళీ 25 మి.మీ. మాత్రమే పెరుగుతుంది. యాక్సిల్ చక్రం మధ్యలో ఉంటుంది కాబట్టి మిగతా సగం పైభాగానికి పోతుంది. స్ప్రింగులు ఎత్తు పెంచితే బాడీ లేస్తుంది కానీ, రిజిడ్ యాక్సిల్ (ఎడమ, కుడి చక్రాలు ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉండే) బండిలో డిఫరెన్షియల్ హౌసింగ్ (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకూ శక్తి పంచే గేర్ల పెట్టె) ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపేది టైరు ఒక్కటే. టైరు లెక్క ఈ పాఠంలోనూ మళ్లీ మళ్లీ వస్తుంది.

ఏ బండి కొనాలో 3వ పాఠంతో తేలిపోయింది. ఇప్పుడు అదే బండిలో మూడు నుంచి ఆరు వేరియంట్లు ఎదురవుతాయి. బ్రోషర్‌లో ఇవి మెట్లుమెట్లుగా కనిపిస్తాయి: పైకి వెళ్లేకొద్దీ ధర పెరుగుతుంది, దాంతోపాటు అన్నీ మెరుగవుతాయన్న భావన కలుగుతుంది. రోడ్డు బండ్ల విషయంలో అది చాలావరకు నిజమే. ఆఫ్‌రోడ్ బండ్లలో కాదు. ఇక్కడ ధరలో ఒక భాగం సౌకర్యానికి, ఇంకో భాగం యాక్సిళ్లకు పోతుంది, ఆ రెండూ ఒకే దారిలో పెరగవు. 2010 నుంచి 2024 వరకు అమ్ముడైన ఐదో తరం టొయోటా ఫోర్‌రన్నర్‌ను చూడండి. వెనక డిఫరెన్షియల్ లాకర్ (రెండు వెనక చక్రాలనూ ఒకే వేగానికి కట్టేసే ఏర్పాటు) టీఆర్‌డీ ఆఫ్‌రోడ్, టీఆర్‌డీ ప్రో వేరియంట్లలో ఉంది. తోలు సీట్లతో విలాసంగా ఉండే లిమిటెడ్‌లో లేదు. మరోవైపు సుజుకి జిమ్నీ లాంటి బండిలో లాడర్ ఫ్రేమ్ (బాడీ కింద నిచ్చెన ఆకారపు చట్రం), ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లు, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే అదనపు గేరు) ఉన్న ఫోర్ వీల్ డ్రైవ్ దాని స్వభావంలోనే ఉన్నాయి. అలాంటి బండిలో వేరియంట్ మారితే ఎక్కువగా మారేది స్క్రీన్, దీపాలు, రిమ్ములు. అందుకని "ఏది టాప్?" అన్న ప్రశ్న పక్కనపెట్టండి. "ఈ రెండు వేరియంట్ల మధ్య బండి కింద ఏం మారింది?" అని అడగండి.

ఒక సూత్రం పెట్టుకుందాం. స్పానర్‌తో ఎప్పుడైనా బిగించుకోగలిగిన వస్తువు కోసం పై వేరియంట్‌కు వెళ్లొద్దు. యాక్సిల్ తెరిస్తే గానీ, ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజిన్ శక్తిని ముందు, వెనక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) దించితే గానీ రాని వస్తువు ఏ వేరియంట్‌లో ఉంటే అక్కడికి వెళ్లండి, అది మీ దారికి నిజంగా అవసరమైతే.

ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. మొదటి గడిలో ఫ్యాక్టరీలోనే రావాల్సినవి రాయండి: ట్రాన్స్‌ఫర్ కేస్ లో రేంజ్ నిష్పత్తి, యాక్సిల్ సైజు, ఫోర్ వీల్ డ్రైవ్ ఫుల్‌టైమా (ఎప్పుడూ పనిచేసేదా) పార్ట్‌టైమా (కావాలన్నప్పుడు వేసుకునేదా) అన్నది, లాకర్‌తో కలిసి పనిచేసే ఏబీఎస్, స్టెబిలిటీ సాఫ్ట్‌వేర్. రెండో గడిలో తర్వాత చేయించుకోవచ్చు కానీ ఖర్చూ రిస్కూ ఎక్కువ ఉన్నవి: లాకర్లు, క్రౌన్-పినియన్ (యాక్సిల్ నిష్పత్తిని నిర్ణయించే గేర్ల జత) మార్పు. మూడో గడిలో ఎప్పుడైనా పెట్టుకోగలిగినవి: టైర్లు, షాక్ అబ్జార్బర్లు, స్కిడ్ ప్లేట్లు (బండి అడుగును కాపాడే రేకులు), రాక్ స్లైడర్లు (తలుపుల కింద రాళ్ల దెబ్బ తట్టుకునే కడ్డీలు), దీపాలు, సీటు కవర్లు. పై వేరియంట్‌కు అడుగుతున్న అదనపు ధర ఏ గడిలోకి పోతోందో ఇప్పుడు లెక్కేయండి. ఎక్కువ భాగం మూడో గడిలోకే పోతుంటే కింది వేరియంట్ తీసుకుని, మిగిలిన డబ్బుతో మీకు నచ్చిన టైర్లు కొనుక్కోవడం మేలు.

గేర్ల లెక్క

మొదటి గడిలో అన్నిటికంటే విలువైనది క్రాల్ రేషియో. మొదటి గేరు నిష్పత్తిని లో రేంజ్ నిష్పత్తితో, దాన్ని యాక్సిల్ నిష్పత్తితో గుణిస్తే వచ్చే అంకె అది. జీప్ రాంగ్లర్ జేఎల్ మాన్యువల్‌నే తీసుకుందాం. రెండు వేరియంట్లలోనూ మొదటి గేరు 5.13. స్పోర్ట్‌లో లో రేంజ్ 2.72, యాక్సిల్ 3.45. గుణిస్తే సుమారు 48. రూబికాన్‌లో లో రేంజ్ 4.0, యాక్సిల్ 4.10. గుణిస్తే 84. ఇంజిన్ అదే, గేర్‌బాక్స్ అదే, కానీ నడక వేరు.

ఈ తేడా నేల మీద ఎలా ఉంటుందో చూడాలంటే ఇంకో మెట్టు లెక్క చేయాలి. ఇంజిన్ 800 ఆర్‌పీఎమ్ మీద ఐడిల్‌లో ఉందనుకోండి. రూబికాన్‌లో 800ని 84తో భాగిస్తే చక్రం నిమిషానికి 9.5 సార్లు తిరుగుతుంది. దాని టైరు 285/70 ఆర్17 (వెడల్పు 285 మి.మీ., పక్క గోడ ఎత్తు అందులో 70 శాతం, రిమ్ము 17 అంగుళాలు), చుట్టుకొలత దాదాపు 2.61 మీటర్లు. అంటే గంటకు 1.5 కి.మీ. స్పోర్ట్‌లో చక్రం 16.6 సార్లు తిరుగుతుంది, 245/75 ఆర్17 టైరు చుట్టుకొలత 2.51 మీటర్లు, వేగం గంటకు 2.5 కి.మీ. చూడ్డానికి ఒక్క కిలోమీటరు తేడా. రాళ్ల మెట్టు దిగుతున్నప్పుడు ఆ ఒక్క కిలోమీటరే బ్రేకు తొక్కకుండా దిగడానికీ, బ్రేకు మీద కాలు పెట్టి జారడానికీ మధ్య తేడా. ఎక్కేటప్పుడు క్లచ్ కాలకుండా నెమ్మదిగా ఎక్కగలగడం కూడా ఈ అంకె మీదే ఆధారపడుతుంది. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో ద్రవం ద్వారా కలిపే భాగం) కొంత మెత్తదనం ఇస్తుంది కాబట్టి ఎక్కేటప్పుడు తక్కువ రేషియోతోనూ నెట్టుకురావచ్చు, దిగేటప్పుడు మాత్రం లోటు తెలుస్తుంది.

మీ దారులు మట్టి, బురద, ఇసుక, కంకర అయితే 40 చుట్టూ ఉన్న క్రాల్ రేషియో సరిపోతుంది. ఇసుకలో అసలు కావాల్సింది వేగం, నెమ్మది కాదు. పెద్ద రాళ్ల మీద పాకించే ఉద్దేశం ఉంటేనే 60 దాటిన అంకె కోసం అదనపు ధర పెట్టండి.

యాక్సిల్ నిష్పత్తిని తర్వాత మార్చుకోవచ్చు కదా అంటారు కొందరు. మార్చుకోవచ్చు, కానీ ముందు, వెనక యాక్సిళ్లు రెండూ ఒకే నిష్పత్తికి మారాలి. ఒకటే మార్చి ఫోర్ వీల్ వేస్తే రెండు యాక్సిళ్లూ వేర్వేరు వేగాలతో తిరగాలని చూస్తాయి, గట్టి నేల మీద ఆ బిగింపంతా ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. పినియన్ లోతు, బ్యాక్‌లాష్ (గేరు పళ్ల మధ్య వదిలే కొద్ది ఖాళీ) సరిగ్గా కుదరకపోతే కూత మొదలవుతుంది, తర్వాత పళ్లు అరుగుతాయి. కొత్త గేర్లను మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువు వేయకుండా నడిపి గేర్ ఆయిల్ మార్చాలి. ఇంత పని ఉంది కాబట్టే, పెద్ద టైర్లు వేయాలని ముందే అనుకునేవారు ఎక్కువ నిష్పత్తి ఉన్న యాక్సిల్ ఫ్యాక్టరీలోనే వచ్చే వేరియంట్ చూసుకోవాలి.

లాకర్ ఎవరికి?

మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకూ సమానంగా టార్క్ (తిప్పే బలం) పంచుతుంది. ఒక చక్రం గాలిలో ఉంటే దానికి పట్టు లేదు, కాబట్టి నేల మీదున్న రెండో చక్రానికీ దాదాపు ఏమీ దక్కదు. దీనికి కింది వేరియంట్లలో చెప్పే మందు బ్రేకు ఆధారిత ట్రాక్షన్ కంట్రోల్. తిరుగుతున్న చక్రాన్ని బ్రేకుతో పట్టుకుంటే రెండో చక్రానికి టార్క్ వెళుతుంది. పనిచేస్తుంది, మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే బాగా పనిచేస్తుంది. కానీ అది స్పందించాలంటే ముందు చక్రం జారాలి. జారడం, పట్టడం, బండి ఎగరడం ఒకదాని వెనక ఒకటి వస్తాయి. పొడవైన ఎక్కుడులో బ్రేకులు వేడెక్కుతాయి.

లాకర్ రెండు చక్రాలనూ ఒకే వేగానికి కట్టేస్తుంది. జారడానికి ముందే వేయాలి, చక్రం గిర్రున తిరుగుతున్నప్పుడు వేస్తే లోపలి పళ్లకు దెబ్బ తగులుతుంది. స్విచ్ నొక్కాక డాష్‌బోర్డులో దీపం మినుకుమినుకుమంటూ ఉంటే లాకర్ ఇంకా పట్టలేదని అర్థం: బండిని ఒక అడుగు ముందుకు కదిపితే, స్టీరింగ్ కొంచెం అటూ ఇటూ తిప్పితే పళ్లు కుదిరి దీపం నిలుస్తుంది. చాలా బండ్లలో లాకర్ లో రేంజ్‌లోనే పనిచేస్తుంది. టెస్ట్ డ్రైవ్‌లో "స్విచ్ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుల్లో కొన్ని దీనివల్లే వస్తాయి.

ఒక్క లాకరే ఎంచుకోగలిగితే వెనకది చాలు. ఎక్కుడులో బరువు వెనక్కి వాలుతుంది, పట్టు అక్కడే ఉంటుంది. ముందు లాకర్ వేస్తే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బండి తిన్నగా పోవాలని చూస్తుంది. రాళ్లలో తిరిగేవారికి తప్ప ఇతరులకు అది ఏడాదికి రెండుసార్లు కూడా అవసరం పడదు.

టైరు, రిమ్ము

పై వేరియంట్లు నష్టం చేసేది ఇక్కడే. మళ్లీ ఫోర్‌రన్నర్: టీఆర్‌డీ ఆఫ్‌రోడ్‌కు 265/70 ఆర్17, లిమిటెడ్‌కు 245/60 ఆర్20. రెండింటి వ్యాసమూ దాదాపు 802 మి.మీ. బయట నుంచి ఒకేలా ఉంటాయి. టైరు పక్క గోడ ఎత్తు కొలవండి: మొదటిది 265లో 70 శాతం, అంటే 185 మి.మీ. రెండోది 245లో 60 శాతం, 147 మి.మీ. ఇసుకలోకో రాళ్లలోకో దిగేముందు గాలి తగ్గిస్తే టైరు నేల మీద పరుచుకుంటుంది. ఆ సాగుదల పక్క గోడ నుంచే రావాలి. గోడ పొట్టిదైతే గాలి తగ్గించేందుకు చోటు ఉండదు, రాయికి తగిలితే దెబ్బ నేరుగా రిమ్ముకు చేరుతుంది.

పెద్ద రిమ్ములతో వచ్చే వేరియంటే కావాలంటే, చిన్న రిమ్ము దానికి ఎక్కుతుందో లేదో కొనేముందే తేల్చుకోండి. పై వేరియంట్లలో బ్రేకు కాలిపర్ పెద్దదైతే 17 అంగుళాల రిమ్ము లోపల తగులుకోవచ్చు. స్టెప్నీ కూడా చూడండి. అది మిగతా నాలుగింటి సైజులో లేకపోతే కొండ దారిలో పంక్చర్ అయినప్పుడు ఫోర్ వీల్ వేసుకోలేరు.

బరువు

దీన్ని దాదాపు ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బండి మొత్తం అనుమతించిన బరువు వేరియంట్లన్నిటికీ తరచుగా ఒకటే ఉంటుంది. సన్‌రూఫ్, మోటార్ సీట్లు, పెద్ద రిమ్ములు చేరేకొద్దీ ఖాళీ బండి బరువు పెరిగి, మీరు మోయగలిగేది తగ్గుతుంది. ఉదాహరణకు అనుమతి 2,900 కిలోలు, కింది వేరియంట్ ఖాళీ బరువు 2,200, పైది 2,320 అనుకోండి. మిగిలేది 700, 580. నలుగురు మనుషులు 300, స్టీల్ బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) 80, పైన ర్యాక్, టెంట్ 90, ఫ్రిజ్, అదనపు బ్యాటరీ 40, నీళ్లు 40, పనిముట్లు 35, సామాను 60. మొత్తం 645. కింది వేరియంట్‌లో ఇంకా 55 కిలోల చోటుంది. పైదాంట్లో 65 కిలోలు ఎక్కువైంది. అసలు అంకె డ్రైవర్ తలుపు పక్క స్తంభం మీది లేబుల్‌లో ఉంటుంది, బ్రోషర్‌ను కాక దాన్నే నమ్మండి. కొన్ని దేశాల పద్ధతిలో ఖాళీ బరువులోనే 75 కిలోల డ్రైవర్ కలిసి ఉంటాడు, కలపడం మొదలుపెట్టేముందు అదీ చూసుకోండి. పైన టెంట్ వేయాలనుకుంటే, గాజు పైకప్పు ఉన్న వేరియంట్‌కు రూఫ్ బరువు పరిమితి విడిగా ఇచ్చారేమో యజమాని పుస్తకంలో వెతకండి.

బంపర్‌లో దాగినవి

పై వేరియంట్లలో ముందు కెమెరా నిజంగా పనికొస్తుంది. గట్టు ఎక్కి అవతలి దిగుడు కనపడని చోట అది కళ్లలా పనిచేస్తుంది. అడాప్టివ్ క్రూజ్ రాడార్, పార్కింగ్ సెన్సర్లు మాత్రం బంపర్‌లోనో గ్రిల్ వెనకో ఉంటాయి. తర్వాత స్టీల్ బంపర్, వించ్ వేస్తే అవి రాడార్‌కు అడ్డమొస్తాయి. వించ్ వేసే ఆలోచన ఉంటే రాడార్ లేని వేరియంట్ సుఖం, లేదా రాడార్‌కు చోటు వదిలిన బంపర్ ఆ బండికి దొరుకుతుందని ముందే నిర్ధారించుకోవాలి. పక్కన వచ్చే మెరిసే ఫుట్‌స్టెప్పుల గురించి ఒక్క మాట: అవి కాలు పెట్టడానికే. రాయి మీద పడితే వంగి తలుపు కింది అంచును నొక్కేస్తాయి. ఫ్రేముకు బిగించిన రాక్ స్లైడర్ బండి బరువును మోస్తుంది.

బ్రోషర్, ఆ తర్వాత బండి కింద

బ్రోషర్ పట్టికలో నిండు చుక్క అంటే సాధారణంగా ఆ వేరియంట్‌తో వచ్చేది, ఖాళీ చుక్క అంటే అదనపు ధరకు, గీత అంటే లేదని. అసలు సంగతి అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది: "ఆటోమేటిక్‌తో మాత్రమే", "ఫలానా ప్యాకేజీతో మాత్రమే". ఫోర్డ్ బ్రాంకోను 2020లో ప్రకటించినప్పుడు 35 అంగుళాల టైర్లు, ముందు వెనక లాకర్లు ఇచ్చే సాస్క్వాచ్ ప్యాకేజీని కింది వేరియంట్‌కు కూడా తీసుకునే వీలుండేది, కానీ మొదట ఆటోమేటిక్‌తోనే. మాన్యువల్‌తో తర్వాత వచ్చింది. వేరియంట్ మారకుండా ప్యాకేజీతోనే కావాల్సింది దొరికే దారి మీ బండిలో ఉందేమో తప్పక వెతకండి.

కాగితం మీద తేలాక, డీలర్ అనుమతితో టార్చి పట్టుకుని బండి కిందికి దూరండి. వెనక డిఫరెన్షియల్ హౌసింగ్‌లోకి వైరు గానీ గాలి గొట్టం గానీ వెళుతోందా? ఎలక్ట్రిక్ లేదా ఎయిర్ లాకర్ ఉంటే ఒకటి ఉండాలి (యాక్సిల్ పైనుంచి వచ్చే ఏబీఎస్ వైరుతో పొరబడొద్దు, అది చక్రం దగ్గరికి పోతుంది). ఇంధన ట్యాంకు, ట్రాన్స్‌ఫర్ కేస్ కింద ఉన్నది ఉక్కు రేకా, ప్లాస్టిక్ మూతా? వేలితో తట్టండి, తెలిసిపోతుంది. లాగే కొక్కేలు ఫ్రేముకు బోల్టులతో బిగించి ఉన్నాయా? బంపర్‌లో స్క్రూ తిప్పి పెట్టే రింగు చదును నేల మీద బండిని లాక్కెళ్లడానికి సరిపోతుంది, బురదలో కూరుకుపోయిన బండిని గుంజడానికి దాన్ని వాడొద్దు. సైలెన్సర్, షాక్ అబ్జార్బర్ కింది బ్రాకెట్లలో అన్నిటికంటే కిందికి ఏది వేలాడుతోందో చూసి, నేల నుంచి దాని ఎత్తు టేపుతో కొలవండి. మీరు చూస్తున్న బండి మీరు బుక్ చేయబోయే వేరియంటేనా అని అడగడం మరచిపోకండి, షోరూంలో నిలబెట్టేది ఎక్కువగా టాప్ వేరియంటే.

అభ్యాసం

ఒకే బండిలో రెండు వేరియంట్లు. రెండింటికీ మొదటి గేరు 4.0, లో రేంజ్ 2.6. మొదటిదానికి యాక్సిల్ 3.7, టైరు వ్యాసం 780 మి.మీ. రెండోదానికి యాక్సిల్ 4.3, టైరు 850 మి.మీ. ఇంజిన్ 750 ఆర్‌పీఎమ్ వద్ద రెండింటి వేగమూ గంటకు ఎన్ని కిలోమీటర్లో దశాంశం తర్వాత రెండు అంకెల వరకు కట్టండి. క్రాల్ రేషియో 16 శాతం పెరిగినా వేగం 6 శాతమే ఎందుకు తగ్గిందో ఒక వాక్యంలో రాయండి. జవాబు 5వ పాఠం మొదట్లో ఉంటుంది.