మ్యాట్ ఎక్కే ముందు: జియు-జిట్సు (పట్లతో సాగే కుస్తీ లాంటి యుద్ధకళ) టేక్‌డౌన్ (పడగొట్టడం), గార్డ్ (కింద ఉండి కాళ్లతో అడ్డుకోవడం) జాగ్రత్తలు

- గోళ్లు కత్తిరించుకోండి. ఉంగరం, చెవిపోగులు తీసేయండి. ఒంటి మీద తామర మచ్చ కనిపిస్తే ఆ రోజుకి క్లాస్ మానేయండి, మొహమాటం వద్దు.

- మ్యాట్ల మధ్య సందు ఉందేమో చూడండి. కాలి బొటనవేలు ఇరుక్కునేది అక్కడే.

- అన్నిటికంటే ముందు, ఎలా పడాలో నేర్చుకోండి. గడ్డం ఛాతీకి ఆనించి, ముంజేయి మొత్తంతో మ్యాట్‌ని చరచాలి. కంగారులో చెయ్యి వెనక్కి ఆనించారో, మణికట్టో మోచెయ్యో పోతుంది.

- డబుల్ లెగ్‌కి (రెండు కాళ్లూ పట్టి పడగొట్టడం) వెళ్లేటప్పుడు తల పైకి, వీపు నిటారుగా. తల వంచితే మెడ గిలటిన్‌కి (మెడ చుట్టూ చెయ్యి బిగించే పట్టు) అప్పగించినట్టే.

- పక్క నుంచి ఎగిరి రెండు కాళ్లతో కత్తెర వేసే ‘కానీ బసామి’ అనే టేక్‌డౌన్ సరదాకి కూడా వద్దు. 1980లో జూడో దిగ్గజం యాసుహిరో యమషితా కాలు విరిగింది దీనితోనే.

- గార్డ్ కాపాడుకునేటప్పుడు మోకాళ్లు ఛాతీ వైపు, మోచేతులు ఒంటికి దగ్గరగా ఉండాలి. అవతలివాళ్లు మిమ్మల్ని మడిచేసి బరువు మోపితే భుజం మీదుగా దొర్లండి, మెడ మీదుగా కాదు. దారి లేకపోతే గార్డ్ వదిలేయండి.

- అవతలివాళ్ల గీ (జియు-జిట్సు కోటు) చేతి అంచు మీద మీ పట్టు జారుతుంటే పంతానికి పోకండి. అలా పోయే నా ఉంగరపు వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

- పాత మోకాలి నొప్పి ఉంటే పార్ట్‌నర్‌కి ముందే చెప్పండి.