రూపాంతర శిలలు, 4వ పాఠం: పలకరాయి ఎటు చీలుతుంది?

పలకరాయి పలకలుగా ఎందుకు చీలుతుందన్న పోయిన పాఠం అభ్యాసంలో ఎక్కువమంది ఒకేచోట తడబడ్డారు. “షేల్ (బురద గట్టిపడిన రాయి) పొరలే గట్టిపడి పలకరాయి పొరలయ్యాయి” అని రాశారు. ఇది తేలకుండా, ఇంకా ఎక్కువ మారిన షిస్టు, నైసు అనే శిలల దగ్గరికి వెళ్లి లాభం లేదు.

షేల్ పొరలు నీటి అడుగున బురద పేరుకున్నప్పటివి. పలకరాయి చీలే తలాలు ఆ తర్వాత ఎప్పుడో పుట్టినవి. వేడి 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కలకు చేరేసరికి బంకమట్టి ఖనిజాలు సన్నటి అభ్రకం, క్లోరైట్ అనే ఖనిజాల రేకులుగా మారుతుంటాయి. రాయిని ఏ దిశలో గట్టిగా నొక్కితే, ఆ దిశకు అడ్డంగా పాత రేకులు తిరుగుతాయి, కొత్తవి పెరుగుతాయి. ఈ అమరికే ఫోలియేషన్. రాయి దాని వెంటే చీలుతుంది.

“పైరాళ్ల బరువు వల్ల” అన్న జవాబూ చాలాసార్లు కనిపించింది. 10 కిలోమీటర్ల లోతున ఆ బరువు సుమారు 2,700 బార్ల (ఒక బార్ ఇంచుమించు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) ఒత్తిడి తెస్తుంది, నిజమే. కానీ అంత లోతున అది అన్ని వైపులా దాదాపు సమానం. ఖనిజాలను మార్చగలదు, ఇలాంటి అమరిక తేలేదు. అందుకు ఒక దిశలో ఒత్తిడి మిగతా దిశలకన్నా ఎక్కువుండాలి. భూఫలకాలు ఢీకొనేచోట జరిగేది అదే.

చేతిలో ముక్క ఉంటే ముందు రంగు పట్టీలు, ఇసుక పాలు మారే చోట్లు వెతకండి. అవి అసలు పొరలు. చీలిక తలం వాటిని కోసుకుంటూ పోతే అది ఫోలియేషనే, అనుమానమే లేదు. రెండూ ఒకే దిశలో ఉంటే మాత్రం ఆగండి. రాతి మడతకు రెండు పక్కలా ఉండే భుజాల మీద అవి ఇంచుమించు కలిసిపోతాయి, మడత వంపు తిరిగే మలుపు దగ్గర విడిపోతాయి. భుజం ముక్కతో నేనైతే ఏదీ తేల్చను.

మిగతాది తేలికే. రేణువు కంటికి కనబడకపోతే పలకరాయి, పట్టులా మెరిస్తే ఫిల్లైట్, అభ్రకం రేకులు విడివిడిగా కనబడితే షిస్టు, లేత, ముదురు ఖనిజాలు వేరుపడి పట్టీలు కడితే నైసు. రంగు చూసి పేరు పెట్టకండి.

పాలరాయిలో, క్వార్ట్‌జైట్‌లో ఫోలియేషన్ లేదంటే నొక్కుడు పడలేదని కాదు. పాలరాయిలోని కాల్సైట్, క్వార్ట్‌జైట్‌లోని క్వార్ట్జ్ రేణువులు రేకులు కావు, వరస కట్టినా తెలియదు. ఈ రెంటినీ విడదీయడానికి ఉక్కు చాకు చాలు: 1 నుంచి 10 వరకుండే మోస్ కొలమానంలో కాల్సైట్ కాఠిన్యం 3, గీత పడుతుంది, క్వార్ట్జ్ 7, చాకే అరుగుతుంది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కకు పాలరాయి బుడగలతో పొంగుతుంది. కాల్సైట్‌కు బదులు డోలమైట్ (మెగ్నీషియం కూడా ఉన్న కార్బొనేట్ ఖనిజం) పాలరాయైతే పొడి చేస్తేగాని సరిగా పొంగదు.

అభ్యాసం: అడ్డంగా పరుచుకున్న షేల్, ఇసుకరాయి, సున్నపురాయి పొరలను పక్కల నుంచి నొక్కి, మడతపెట్టి, 600 డిగ్రీల వరకు వేడి చేశారనుకోండి. మూడూ ఏ శిలలవుతాయి? ఏది చీలుతుంది? మలుపు దగ్గర, భుజం మీద చీలిక దిశ వేర్వేరుగా గీయండి.