డిటెక్టివ్ కంటే ముందే హంతకుణ్ణి పట్టాలంటే

పగలంతా ల్యాబులో డేటాతో కుస్తీ పట్టి, రాత్రి మర్డర్ మిస్టరీ అందుకునే పరిశోధకులకు ఆ నవలతో పోటీపడే ఆట ఒకటుంది. దానికి ఒక నోట్‌బుక్, పెన్ను చాలు. పెన్సిల్ వద్దు. ల్యాబ్ నోట్‌బుక్‌లో లాగే తప్పు రాస్తే చెరపకుండా ఒక్క గీత కొట్టాలి, కొట్టేసిన ఊహే తర్వాత అక్కరకు రావచ్చు.

పుస్తకం ఎంపికలోనే సగం పని ఉంది. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం అప్పుడే పాఠకుడికీ తెలియాలన్నది 1929లో ఇంగ్లిష్ రచయిత రొనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పెట్టిన పది నియమాల్లో ఒకటి. ఆ కాలపు ఇంగ్లిష్ నవలలు ఈ ఆటకు బాగా కుదురుతాయి. ఎలరీ క్వీన్ తొలి నవలలైతే ముగింపుకు ముందు కథ ఆపి, పాఠకుడికి సూటిగా సవాలు విసురుతాయి. మధుబాబు షాడో నవలలకు మాత్రం ఈ లెక్కలు పనికిరావు, వాటిని ఊపిరి బిగబట్టి చదివేయడమే.

మొదటి పేజీలో పాత్రల పేర్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, చావు వల్ల ఎవరికి ఏం దక్కుతుంది అన్నవి రాసుకోండి. రెండో పేజీలో కాలపట్టిక: అడ్డంగా పేర్లు, నిలువుగా పావుగంటకో గడి. ప్రతి విషయం పక్కన పేజీ నంబరు వేయండి. ఈబుక్‌లో అక్షరాల సైజు మారిస్తే పేజీలు మారిపోతాయి కాబట్టి అధ్యాయం నంబరు మేలు.

అందరూ బోల్తా పడేది ఈ పట్టిక నింపడంలోనే. "తొమ్మిదింటికి అయ్యగారి గొంతు విన్నాను" అని వంటమనిషి అంటే, తొమ్మిదింటికి అయ్యగారు బతికే ఉన్నారని రాసేస్తాం. తేలింది అది కాదు. గదిలోంచి ఒక గొంతు వినబడిందని ఆమె చెప్పింది, అంతే. గొంతు రికార్డుదీ కావచ్చు, ఇంకొకరిదీ కావచ్చు, ఆమే అబద్ధమాడుతూ ఉండవచ్చు. అందుకే గడిలో "ఎవరు చెప్పారు, ఏం చూశారు లేదా విన్నారు" అన్నదే రాయాలి. దాన్నిబట్టి మీకు తోచింది వేరే రంగు సిరాతో.

చావు ఎప్పుడు జరిగిందో అంచనా వేయడానికి శవం ఎంత బిగుసుకుందో చూస్తారు. ఆ బిగుసుకోవడం సాధారణంగా 2 నుంచి 4 గంటల్లో దవడ, మెడ దగ్గర మొదలై సుమారు 12 గంటలకు ఒళ్ళంతా పాకుతుంది. వేడి దాన్ని తొందరపెడుతుంది, చలి ఆలస్యం చేస్తుంది. కాబట్టి రచయిత ఊరికే అన్నట్టు నిప్పుగూడు గురించో తెరిచిన కిటికీ గురించో చెబితే తప్పకుండా రాసుకోండి. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆసుపత్రిలో మందులిచ్చే విభాగంలో పనిచేసింది, ఆమె వర్ణించే విష లక్షణాలను ఆధారాలుగానే చూడండి. క్లోరోఫామ్ గుడ్డ ముక్కుకు తగలగానే మనిషి పడిపోతే మాత్రం అది ఆధారం కాదు, రచయిత బద్ధకం. నిజానికి నిమిషాలు పడుతుంది.

డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టగానే పుస్తకం మూసేయండి. ఎవరు, ఎలా, ఎందుకు అన్నది రాసి, మీ ఊహకు లొంగని ఆధారాలను కింద విడిగా రాయండి. అవి రెండుకు మించితే మొదటికి రండి. యాభయ్యో పేజీలోనే ఒకరిమీద అనుమానం గట్టిపడితే, ఆ మనిషి నిర్దోషి అయ్యుండే కారణం ఒక్కటైనా వెతకండి. ఎవరిమీదా అనుమానం రానివాడే హంతకుడని రాయడం లాటరీ కిందే లెక్క, మార్కులు లేవు.

ముగింపు చదివాక, మీకు తప్పిపోయిన ఆధారాలున్న పేజీలకు వెనక్కి వెళ్ళండి. చాలాసార్లు అది బల్లమీది ఆరేడు వస్తువుల జాబితా మధ్యలో ఉంటుంది, లేదా ఆ వాక్యం అవగానే ఎవరో కెవ్వుమని అరిచి ఉంటారు.